ఓవెన్ తలుపుకి ఎంత పనుందో!

మైక్రోవేవ్ ఓవెన్ శుభ్రం చేయడమంటే చాలా ఇళ్లలో మూడు పనులే. తిరిగే గాజు పళ్లెం తీసి కడగడం, లోపలి గోడలు తుడవడం, తలుపు అద్దం మెరిపించడం. ఆ మూడూ అయితే ఓవెన్ కొత్తదానిలా కనిపిస్తుంది. తలుపు మూసినప్పుడు ఓవెన్ ముందు భాగానికి ఆనుకునే నాలుగు అంచులు మాత్రం నెలల తరబడి తడిగుడ్డ ముఖం చూడవు. సాంబారు వేడిచేసిన పూట చిందిన చుక్క, నెయ్యి చిటపటలాడినప్పుడు పడిన తుంపర, పాప్‌కార్న్ పొట్టు అక్కడే చేరి ఎండుతాయి. మళ్లీ మళ్లీ వేడి తగిలి నల్లగా గట్టిపడతాయి.

ఇంట్లోవాళ్ల రక్షణకు ఈ యంత్రంలో అన్నిటికన్నా ముఖ్యమైన చోటు సరిగ్గా అదే. లోపల తరంగాలు పుట్టించేది మాగ్నెట్రాన్ అనే గొట్టం. ఆ తరంగాలు బయట నిలబడ్డ మనిషి దాకా రాకుండా చూసేది ఓవెన్ పెట్టె. అందులో అయిదు వైపులా ఉన్నది కదలని లోహపు గోడ. రోజూ తెరుచుకుని మూసుకునేది ఆరో వైపున్న తలుపొక్కటే. అరిగేదీ, వంగేదీ, మురికి పట్టేదీ అదే. దాన్ని ఎలా తుడవాలి, ఎలా వాడాలి, ఎప్పుడు మెకానిక్‌ని పిలవాలి అన్నవి తెలిస్తే ఓవెన్ మీద ఉన్న భయాల్లో చాలావరకు తీరిపోతాయి. నిజంగా భయపడాల్సిన చోటు ఏదో కూడా తెలిసివస్తుంది.

రాడార్ నుంచి వంటింటికి

మాగ్నెట్రాన్ వంట కోసం పుట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940లో, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ రాండాల్, హ్యారీ బూట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు శక్తిమంతమైన కొత్త రకం మాగ్నెట్రాన్‌ని తయారుచేశారు. శత్రు విమానాలను పసిగట్టే రాడార్లకు అది ప్రాణమైంది. అమెరికాలో ఆ గొట్టాలు తయారుచేసిన రేథియాన్ కంపెనీలో పెర్సీ స్పెన్సర్ అనే ఇంజనీరు ఉండేవాడు. నడుస్తున్న మాగ్నెట్రాన్ దగ్గర ఉన్నప్పుడు తన జేబులోని తినుబండారం కరిగిపోవడం గమనించి, ఈ తరంగాలతో వండవచ్చని ఆయన పట్టుకున్నాడు. 1945 అక్టోబరులో పేటెంటుకు దరఖాస్తు చేశాడు.

1947లో వచ్చిన తొలి ఓవెన్ పేరు రాడారేంజ్. దాదాపు ఆరడుగుల ఎత్తు, సుమారు 340 కిలోల బరువు. హోటళ్లు, ఓడల వంటశాలల్లోనే దానికి చోటు దొరికింది. వంటగట్టు మీద పట్టే చిన్న ఓవెన్‌ని అమానా కంపెనీ 1967లో 495 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అప్పటినుంచి ఈ యంత్రం మామూలు ఇళ్లలోకి రావడం మొదలైంది. దానితోపాటే తలుపు గురించిన ఆందోళన కూడా వచ్చింది.

ఆ ఆందోళన ఉత్తిదేమీ కాదు. తొలినాటి ఓవెన్ల తలుపులు అంత కట్టుదిట్టంగా ఉండేవి కావు. అమెరికా 1968లో రేడియేషన్ నియంత్రణ చట్టం చేసింది. దాని కింద 1971 అక్టోబరు నుంచి మైక్రోవేవ్ ఓవెన్లకు ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. అయినా 1973లో కన్స్యూమర్స్ యూనియన్ అనే వినియోగదారుల సంస్థ, తరంగాల లీకేజీ విషయంలో నమ్మకం కుదరక, ఓవెన్లను కొనమని సిఫారసు చేయలేమని ప్రకటించింది. తలుపు గొళ్లెం నుంచి అద్దం వెనుక రేకు దాకా ఈ రోజు ప్రతి ఓవెన్‌లోనూ కనిపించే జాగ్రత్తలు ఆ కాలపు ఒత్తిడితో గట్టిపడినవే.

ఆ ప్రమాణం చెప్పేదేమిటంటే, ఓవెన్ ఉపరితలానికి 5 సెంటీమీటర్ల దూరంలో కొలిచినప్పుడు బయటికొచ్చే తరంగాల శక్తి కొత్త ఓవెన్‌లో చదరపు సెంటీమీటరుకు 1 మిల్లీవాట్ దాటకూడదు. ఇంటికొచ్చాక, ఆ ఓవెన్ వాడకంలో ఉన్నంత కాలం 5 మిల్లీవాట్లు దాటకూడదు. ఈ పరిమితి మనిషికి హాని కలిగించే స్థాయికి చాలా కిందనే ఉంది. దూరం జరిగేకొద్దీ శక్తి వేగంగా పడిపోతుంది కూడా. 5 సెంటీమీటర్ల దగ్గర ఉన్నదానిలో నూరో వంతు మాత్రమే 50 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. అంటే చెయ్యి చాచినంత దూరంలో నిలబడితే మిగిలేది చాలా స్వల్పం.

చిల్లుల రేకు, కనిపించని గాడి

తలుపు అద్దంలోంచి లోపలికి చూస్తే సన్నటి చిల్లుల వరసలు కనిపిస్తాయి. అది అలంకారం కోసం వేసిన డిజైన్ కాదు, రెండు పొరల మధ్య బిగించిన లోహపు రేకు. ఓవెన్‌లోని తరంగాలు 2450 మెగాహెర్ట్జ్‌వి. వాటి తరంగదైర్ఘ్యం 12 సెంటీమీటర్ల పైచిలుకు. రేకులోని చిల్లులు ఒకటి రెండు మిల్లీమీటర్లవి. అంత పొడవు తరంగానికి అంత చిన్న చిల్లు ఉన్నా లేనట్టే, రేకు తగిలి వెనక్కి మళ్లుతుంది. వెలుగు తరంగం పొడవు మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు కనుక అది హాయిగా బయటికొస్తుంది. అందుకే లోపల అన్నం తిరగడం కంటికి కనిపిస్తుంది, తరంగాలు మాత్రం లోపలే ఉంటాయి.

అద్దం దగ్గర పని సులువే. కష్టమంతా అంచుల దగ్గరుంది. తలుపు ఎంత గట్టిగా మూసినా దానికీ పెట్టెకీ మధ్య వెంట్రుకవాసి సందు మిగులుతుంది. ఫ్రిజ్ తలుపుకి ఉన్నట్టు ఇక్కడ మెత్తటి రబ్బరు పట్టీ వేస్తే సరిపోదు, మైక్రోవేవ్ తరంగాలు రబ్బరులోంచి పోగలవు. అందుకని ఇంజనీర్లు తలుపు చుట్టూ లోహంలో ఒక గాడి చేశారు. దాని లోతు తరంగదైర్ఘ్యంలో సుమారు నాలుగో వంతు, అంటే 3 సెంటీమీటర్లు. సందులోంచి తప్పించుకు వచ్చిన తరంగం ఆ గాడిలోకి దిగి, అడుగు తగిలి తిరిగి వస్తుంది. వచ్చేసరికి సగం తరంగం పొడవు అదనంగా నడిచి ఉంటుంది. ఎదురొచ్చే తరంగం పైకి లేస్తుంటే ఇది కిందికి దిగుతుంటుంది. రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. చాలా ఓవెన్లలో ఈ గాడిలో చెత్త పడకుండా పైన ప్లాస్టిక్ పట్టీ కప్పి ఉంటుంది. తలుపు లోపలివైపు అద్దం చుట్టూ నల్లగానో బూడిదరంగులోనో కనిపించే ఫ్రేమ్ అదే.

ఈ ఏర్పాటంతా మిల్లీమీటర్ల లెక్క మీద నడుస్తుంది. అంచున ఎండిన కూర ముద్ద ఒకటి అడ్డుపడితే తలుపు సరిగ్గా ఆనదు. నూనె మాడి బొగ్గయితే అది తరంగాలను పీల్చుకుని వేడెక్కుతుంది, ఒక్కోసారి నిప్పురవ్వలు లేస్తాయి. రంగు మాడిపోతుంది, ప్లాస్టిక్ పట్టీ కరుగుతుంది. తలుపుకీ ఓవెన్ ముందు భాగానికీ మధ్య ఏ వస్తువూ అడ్డం పెట్టవద్దని, అక్కడ మురికిగానీ సబ్బు అవశేషంగానీ పేరుకోనివ్వవద్దని ఓవెన్‌తో వచ్చే పుస్తకం మొదటి పేజీల్లోనే రాసి ఉంటుంది. తలుపు వంగినా, కీళ్లు, గొళ్లేలు విరిగినా, వదులైనా ఓవెన్ వాడవద్దన్న హెచ్చరిక కూడా ఆ పక్కనే ఉంటుంది. అమెరికా ప్రమాణం తప్పనిసరి చేసిన జాగ్రత్తలవి.

గొళ్లెం వెనుక స్విచ్‌లు

తలుపు పక్కకు తెరిచి చూస్తే ఒకవైపు రెండు ప్లాస్టిక్ కొక్కేలు బయటికి పొడుచుకుని ఉంటాయి. మూసినప్పుడు అవి ఓవెన్‌లోని రెండు కంతల్లోకి దూరి, లోపలున్న చిన్న చిన్న స్విచ్‌లను నొక్కుతాయి. మామూలుగా ఇవి మూడు. మొదటి రెండూ విడివిడిగా కరెంటును ఆపేవి. ఒకటి పాడైనా రెండోది కాపలా ఉంటుంది. మూడోది ఆ రెండింటి మీదా నిఘా పెట్టే స్విచ్. తలుపు తెరిచాక కూడా మొదటి స్విచ్ అతుక్కుపోయి కరెంటు పోనిస్తుంటే, ఈ మూడోది కావాలనే షార్ట్ చేసి ఫ్యూజు కొట్టేస్తుంది. ఓవెన్ మొత్తం చచ్చినట్టు పడిపోతుంది.

ఇది తెలియకపోతే జరిగే పొరపాటు పెద్దది. తలుపు తీయగానే ఓవెన్ ఆగిపోయింది, మళ్లీ లైటు కూడా వెలగడం లేదు అంటే ఎవరికైనా ముందు తోచేది ఫ్యూజు మార్చడమే. ఆ ఫ్యూజు తలుపు స్విచ్ చెడిపోయిందని చెప్పడానికే పోయి ఉండవచ్చు. అలాంటప్పుడు స్విచ్‌లను కూడా పరీక్షించి మార్చాలి. ఫ్యూజు ఒక్కటే వేసి పంపిస్తే జబ్బు లోపలే ఉండిపోతుంది. ఇంకా ప్రమాదకరమైనది, స్విచ్ పనిచేయడం లేదని దాని వైర్లు కలిపేసి ‘డైరెక్ట్’ చేయడం. మిక్సీకో ఫ్యానుకో చెల్లే ఈ చిట్కా ఓవెన్ తలుపు దగ్గర అసలు చెల్లదు. తలుపు తెరిచి ఉన్నా మాగ్నెట్రాన్ నడిచే పరిస్థితి వస్తే చేతులకు, ముఖానికి కాలిన గాయాలవుతాయి. కంటిలోని కటకానికి రక్తప్రసరణ ఉండదు కనుక అక్కడ పుట్టిన వేడి తొందరగా చల్లారదు, కన్ను మరీ సున్నితం.

ఒక్క మాట ఇక్కడ స్పష్టం చేయాలి. ఈ తరంగాలు ఎక్స్‌రేల వంటివి కావు. అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టే శక్తి వాటికి లేదు. అవి చేయగల హాని వేడి వల్ల కలిగేదే. ఓవెన్ ఆగిన మరుక్షణం తరంగాలూ ఆగిపోతాయి. ఆహారంలో ఏమీ మిగలదు, లోపలి గోడల్లోనూ మిగలదు.

టెలిస్కోపును కంగారుపెట్టిన ఓవెన్

తలుపు ఎంత త్వరగా పనిచేసినా, ఓవెన్ నడుస్తుండగా దాన్ని లాగితే ఏం జరుగుతుందో ఆస్ట్రేలియా ఖగోళ శాస్త్రవేత్తలకు వింతగా తెలిసింది. న్యూ సౌత్ వేల్స్‌లోని పార్క్స్ దగ్గర 64 మీటర్ల వ్యాసం ఉన్న పెద్ద రేడియో టెలిస్కోపు ఉంది. 1998 నుంచి దాని రికార్డుల్లో అప్పుడప్పుడూ క్షణంలో సగం కూడా ఉండని రేడియో మెరుపులు కనిపిస్తూ వచ్చాయి. చూడటానికి సుదూర అంతరిక్షం నుంచి వచ్చినవాటిలాగే ఉండేవి. భూమ్మీదివే అని అనుమానం ఉన్నా ఎక్కడివో అంతుపట్టక వాటికి పెరిటాన్లు అని పేరు పెట్టారు. ఒక సంగతి మాత్రం గట్టిగా కనిపించేది. అవి పగటిపూట, పని దినాల్లోనే ఎక్కువగా వచ్చేవి.

2014 చివర్లో అక్కడ పరిసరాల రేడియో అలజడిని కనిపెట్టే కొత్త పరికరం పెట్టారు. 2015 జనవరిలో మూడు పెరిటాన్లు వచ్చాయి. అదే సమయంలో 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా సంకేతాలు నమోదయ్యాయి. అది మైక్రోవేవ్ ఓవెన్ల స్థానం. అప్పట్లో పరిశోధక విద్యార్థినిగా ఉన్న ఎమిలీ పెట్రాఫ్ బృందం ఆవరణలోని ఓవెన్లతో రకరకాలుగా ప్రయత్నించి గుట్టు విప్పింది. టైమరు పూర్తికాకముందే ఎవరైనా తలుపు లాగి తెరిస్తే, ఆగిపోయే ఆ క్షణంలో మాగ్నెట్రాన్ విడిచిన చివరి తరంగం కాస్త బయటికి జారేది. టెలిస్కోపు ఆ దిక్కుకు అనువైన కోణంలో ఉంటే అది పెరిటాన్‌గా నమోదయ్యేది.

ఆ పిసరంత జారుడు అంతరిక్షపు అతి బలహీన సంకేతాలు పట్టే యంత్రానికే తప్ప మనిషికి లెక్కలోకి రాదు. కానీ తలుపుకీ మాగ్నెట్రాన్‌కీ ఉన్న బంధాన్ని ఇంత బాగా చూపిన ఉదాహరణ మరొకటి దొరకదు. నడుస్తున్న ఓవెన్‌ని ఆపాలంటే ముందు స్టాప్ బటన్ నొక్కి, తర్వాత తలుపు తీయడమే సరైన పద్ధతి. ప్రతిసారీ తలుపు లాగి ఆపితే బరువంతా ఆ చిన్న స్విచ్‌ల మీద పడుతుంది. నడుస్తున్న కరెంటును తెంచిన ప్రతిసారీ వాటి కొనలు కొద్దికొద్దిగా కాలి అరుగుతాయి.

తుడిచే పద్ధతి

ఎండి గట్టిపడ్డ మురికిని గోకడం కంటే నానబెట్టడమే మేలు. ఓవెన్‌లో పెట్టదగ్గ గిన్నెలో ఒక కప్పు నీళ్లు పోసి, నిమ్మచెక్క ముక్కలు వేసి, ఒక చెక్క గరిటె కూడా అందులో ఉంచాలి. మూడు నాలుగు నిమిషాలు వేడిచేస్తే లోపలంతా ఆవిరి పడుతుంది. చెక్క గరిటెకు పని ఉంది. నున్నటి గిన్నెలో కదలిక లేకుండా వేడెక్కిన నీరు బుడగలు రాకుండానే మరిగే స్థాయి దాటిపోయి, ముట్టుకోగానే ఒక్కసారిగా ఎగజిమ్మవచ్చు. గరిటె, నిమ్మముక్కలు ఉంటే బుడగలు లేవడానికి ఆసరా దొరుకుతుంది. ఓవెన్ ఆగాక అయిదు నిమిషాలు తలుపు తీయకుండా వదిలేయాలి. ఆవిరి తలుపు లోపలివైపు, అంచుల మీద కూడా చేరి మురికిని మెత్తబరుస్తుంది.

తర్వాత ప్లగ్గు తీసేయాలి. స్విచ్ ఆపడం ఒక్కటే చాలదు. గ్రిల్, కన్వెక్షన్ వాడి ఉంటే తలుపు పూర్తిగా చల్లారేదాకా ఆగాలి, వేడి అద్దం మీద చల్లటి తడిగుడ్డ పెడితే పగిలే ప్రమాదం ఉంది. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒకటి రెండు చుక్కలు కలిపి, మెత్తటి గుడ్డ ముంచి గట్టిగా పిండాలి. నీళ్లు కారని తడి ఉంటే చాలు. తలుపు మీద నేరుగా స్ప్రే కొట్టకూడదు. ఫ్రేమ్ సందుల్లోంచి, గొళ్లెం కంతల్లోంచి నీరు లోపలికి దిగితే స్విచ్‌లు తుప్పుపడతాయి. స్ప్రే చేయాలనుకుంటే గుడ్డ మీద చేసి తుడవాలి.

ముందు తలుపు లోపలి అద్దం, ఆ తర్వాత దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఫ్రేమ్. ఫ్రేమ్‌కీ అద్దానికీ మధ్యనున్న సన్నటి గీతలో జిడ్డు దాక్కుంటుంది. మెత్తటి పాత టూత్‌బ్రష్‌ని కొద్దిగా తడిపి ఆ గీత వెంట నెమ్మదిగా నడిపితే గోధుమరంగు జిడ్డు ఊడివస్తుంది. కీళ్ల వైపు అంచును తలుపు బాగా తెరిచి చూస్తేగానీ కనిపించదు, చీమలు ఎక్కువగా చేరేది అక్కడే. ఇప్పుడు ఓవెన్ పెట్టె వైపుకి రావాలి. తలుపు వచ్చి ఆనే ముందు భాగపు చట్రాన్ని నాలుగు వైపులా తుడవాలి. ఎక్కువమంది మరిచిపోయే చోటు ఇదే. కింది చట్రం మీద కూర కారిన చారలు ఉంటే వాటి మీద తడిగుడ్డ కొన్ని నిమిషాలు పరిచి ఉంచితే గోకే పని లేకుండా వచ్చేస్తాయి. గొళ్లెం కంతల్లో పుల్లలు, పిన్నీసులు గుచ్చకూడదు.

సబ్బు గుడ్డ తర్వాత ఉత్త నీళ్ల గుడ్డ, దాని తర్వాత పొడిగుడ్డ. సబ్బు పొర మిగిలితే దాని మీద దుమ్ము, జిడ్డు మళ్లీ పట్టుకుంటాయి. చివరికి తలుపు కాసేపు తెరిచి ఉంచి ఆరనివ్వాలి. వారానికొకసారి ఇంత తీరుబడి దొరకకపోయినా, ఏదైనా చిందిన పూటే అంచు తుడిచేస్తే మాడి గట్టిపడే అవకాశమే ఉండదు.

తెలుగు వంటింట్లో ఓవెన్ తలుపుకి తప్పని మరక పసుపుది. పప్పు, పులుసు చిందితే ఫ్రేమ్ పచ్చబడుతుంది. దాని మీద వంటసోడా రాస్తే మరక ఒక్కసారిగా ఎర్రబడి కంగారుపెడుతుంది. పసుపూ సున్నం కలిపితే పారాణి ఎర్రబడేది ఏ కారణం వల్లో ఇదీ అందుకే. క్షారం తగిలితే పసుపులోని రంగు ఎరుపెక్కుతుంది. నిమ్మరసం కలిపిన నీళ్లతో తుడిస్తే ఎరుపు పోతుంది. మిగిలిన లేత పసుపు ఛాయ వల్ల ఓవెన్‌కి ఏ నష్టమూ లేదు. దాన్ని వదిలించడానికి ఫ్రేమ్‌ని అరగదీయడమే నష్టం.

వాడకూడనివి గుర్తుంచుకోవడం తేలిక. గీతలు పెట్టేవి, కొరికేవి ఏవీ పనికిరావు. స్టీలు పీచు, గరుకు స్క్రబ్బర్, గిన్నెలు తోమే పొడి, బ్లేడు, కత్తి మొన, బాత్రూమ్ యాసిడ్, థిన్నర్, మామూలు గ్యాస్ ఓవెన్ల కోసం అమ్మే ఘాటైన క్లీనర్లు అన్నీ ఈ కోవలోవే. స్టీలు పీచు నుంచి రాలిన సన్నటి తీగ ముక్క లోపల మిగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. అద్దం మీద పడిన లోతైన గీత తర్వాత ఎప్పుడో వేడికి పగులుగా మారవచ్చు. కొన్ని మోడళ్లలో తలుపు లోపలివైపు పారదర్శకమైన ప్లాస్టిక్ పొర శాశ్వతంగా అంటించి ఉంటుంది. కొత్త సామాను మీద కవరు అనుకుని దాన్ని పీకేయకూడదు. లోపల గోడకు గోధుమరంగులో అట్టలా కనిపించే అభ్రకపు పలక కూడా అలాగే, మెత్తగా తుడవాలే తప్ప ఊడదీయకూడదు. తరంగాలు వంట అరలోకి వచ్చే దారిని కప్పి ఉంచేది అదే.

తలుపుని అరగదీసే అలవాట్లు

చెయ్యి ఖాళీ లేక మోచేత్తో విసురుగా మూయడం, తెరిచిన తలుపు మీద వేడి గిన్నె ఆనించడం, హ్యాండిల్‌కి తడి తువ్వాలు వేలాడదీయడం, పిల్లలు దాన్ని పట్టుకుని ఊగడం. విడివిడిగా చూస్తే చిన్నవే. రోజూ జరిగితే కీళ్లు వదులై తలుపు ఒకవైపు వాలుతుంది. అప్పుడు సందు ఒకచోట సన్నగా, ఇంకోచోట వెడల్పుగా కనిపిస్తుంది. కొక్కేలు కంతల్లో సూటిగా పడవు, ఒకటికి రెండుసార్లు నొక్కితేగానీ తలుపు పట్టుకోదు. అదే తొలి హెచ్చరిక.

విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర ఊళ్లలో ఉప్పుగాలి వల్ల తుప్పు తొందరగా పడుతుంది. చట్రం మీద రంగు పెచ్చు లేచిన చోట తుప్పు మొదలై లోపలికి పాకుతుంది. అలాంటి ఊళ్లలో తుడిచాక పొడిగుడ్డ వాడటం మరీ అవసరం. వానాకాలంలో తలుపు అద్దం మీద చెమ్మ పట్టడం మాత్రం మామూలే. అన్నం, ఇడ్లీల ఆవిరి చల్లటి అద్దానికి తగిలి నీరవుతుంది, తుడిస్తే సరి. అమెరికాలోని చాలా తెలుగు ఇళ్లలో ఓవెన్ పొయ్యికి సరిగ్గా పైన బిగించి ఉంటుంది. పోపు పెట్టినప్పుడు లేచే నూనె ఆవిరి నేరుగా వెళ్లి దాని తలుపు కింది అంచుకి పడుతుంది. అక్కడ ఓవెన్‌లో వండినా వండకపోయినా జిడ్డు పేరుకుంటుంది కనుక, పొయ్యి గట్టు తుడిచిన ప్రతిసారీ ఆ అంచునీ తుడవాల్సిందే.

ఇంట్లోనే చూసుకోదగ్గవి

ఓవెన్ తలుపు బాగుందో లేదో చూడటానికి పరికరాలు అక్కర్లేదు. మూసి, ఎదురుగా వంగి చూస్తే చుట్టూ సందు సమానంగా ఉందో లేదో తెలుస్తుంది. హ్యాండిల్ పట్టుకుని మెల్లగా కదిపితే ఎక్కువ ఆడకూడదు. కొక్కేలు పగుళ్లు లేకుండా, వాటి స్ప్రింగు బిగువుగా ఉండాలి. లోపల ఒక కప్పు నీళ్లు పెట్టి ఓవెన్ నడిపి, ఒక్కసారి తలుపు తీస్తే శబ్దం, పళ్లెం తిరగడం వెంటనే ఆగాలి. ఖాళీ ఓవెన్‌తో ఈ పరీక్ష చేయకూడదు. పీల్చుకునే పదార్థం లేకపోతే తరంగాలు తిరిగి మాగ్నెట్రాన్ మీదికే వెళ్లి దాన్ని దెబ్బతీస్తాయి. తలుపు తీసినప్పుడు లైటు వెలగడం చాలా మోడళ్లలో మామూలే. కన్వెక్షన్ ఓవెన్లలో చల్లబరిచే ఫ్యాను కాసేపు తిరగడమూ మామూలే. తలుపు తెరిచి ఉండగా వంట సాగుతున్నట్టు అనిపిస్తే మాత్రం వెంటనే ప్లగ్గు పీకి, ఆ ఓవెన్‌ని మళ్లీ వాడకూడదు.

సెల్‌ఫోన్ లోపల పెట్టి రింగ్ చేసి చూసే పరీక్షను నమ్మడానికి వీల్లేదు. ఫోను అతి స్వల్పమైన సంకేతంతో కూడా మోగుతుంది. ఓవెన్ నడిచినప్పుడు వైఫై మందగించడం కూడా ప్రమాదానికి గుర్తు కాదు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై, ఓవెన్ రెండూ ఇంచుమించు ఒకే పౌనఃపున్యం మీద నడుస్తాయి. పరిమితికి ఎంతో లోబడిన లీకేజీ కూడా వైఫైకి అడ్డం వస్తుంది. చౌకగా దొరికే లీకేజీ మీటర్ల అంకెలు కూడా అంత నమ్మదగినవి కావు. సరైన కొలత కావాలంటే కంపెనీ సర్వీసు వాళ్ల దగ్గరున్న ప్రత్యేక పరికరమే ఆధారం.

మెకానిక్ పని మెకానిక్‌దే

బయటి అద్దం పగిలితే ‘రేకు లోపల బాగానే ఉందిగా’ అని టేపు వేసి వాడేవాళ్లు ఉన్నారు. తరంగాలను ఆపేది రేకే అన్నది నిజం. కానీ అద్దం పగిలిందంటే ఆ దెబ్బకు ఫ్రేమ్ వంగిందో, రేకు అంచు లేచిందో కంటితో చెప్పలేం. తలుపు మార్చేదాకా లేదా పరీక్ష చేయించేదాకా ఓవెన్ ఆపేయడమే మంచిది. రేకు మీద చిల్లు, కాలిన మచ్చ కనిపించినా అంతే.

స్క్రూడ్రైవరు చేతికొచ్చినవాళ్లు మరీ జాగ్రత్త పడాల్సిన సంగతి ఒకటుంది. ఓవెన్ పై కవరు కింద దాదాపు 4000 వోల్టుల దాకా వెళ్లే విద్యుత్ వ్యవస్థ ఉంటుంది. అందులోని కెపాసిటర్ ప్లగ్గు తీసేశాక కూడా ప్రాణాంతకమైన విద్యుత్తును దాచుకుని ఉండగలదు. ఇంట్లో ఉండే సామాన్లలో విప్పి చూడటానికి ఇంత ప్రమాదకరమైనవి కొన్నే. తలుపు లోంచి తరంగాలు వస్తాయేమోనని వంటింట్లోంచి దూరంగా నిలబడే మనిషే, ఫ్యూజు మార్చడానికి కవరు విప్పేస్తే అసలు ముప్పు అక్కడ ఎదురవుతుంది. తలుపు, గొళ్లెం, స్విచ్, కీళ్లు, కవరు లోపలిది ఏదైనా సరే శిక్షణ ఉన్న మెకానిక్ చేయాల్సిన పనే. పని అయ్యాక ఏ స్విచ్‌లు మార్చారో అడగాలి. తలుపు మార్చినా, సరిచేసినా లీకేజీ కొలిచి చూపించమని కూడా అడగాలి.

పాత ఓవెన్‌ని పనిమనిషికో, ఊళ్లో చుట్టాలకో, హాస్టల్ గది పిల్లలకో ఇవ్వడం మన ఇళ్లలో మామూలు. ఇచ్చేముందు తలుపు సంగతి చూసి, దానితో వచ్చిన పుస్తకం కూడా చేతికివ్వాలి. తలుపు వాలిపోయి, గొళ్లెం పట్టక, చట్రం తుప్పుపట్టి ఉంటే ఆ ఓవెన్ ఎవరికీ ఇవ్వదగ్గది కాదు. భారతదేశంలో 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల జాబితాలో మైక్రోవేవ్ ఓవెన్లు కూడా ఉన్నాయి. అలాంటి దాన్ని పాతసామాన్ల బండికి వేయకుండా, అధికారికంగా నమోదైన రీసైక్లింగ్ కేంద్రానికి గానీ, కొత్తది కొనేటప్పుడు పాతది తీసుకునే కంపెనీకి గానీ అప్పగించాలి. ఇవ్వబోయే ముందు వైరు చివరి ప్లగ్గు కత్తిరించేస్తే, మధ్యలో ఎవరూ దాన్ని తెలియక మళ్లీ కరెంటుకి పెట్టే వీలుండదు.